ఊరంతా నీ వెంటే

నేను రోజూ కాలేజీకి వెళ్ళే దారిలో ఒక సర్కిల్ ఉంది. అక్కడ ట్రాఫిక్ సిగ్నల్ కూడా ఉందని పాతవాళ్ళు చెబుతారు. నేను చూసి చాలాకాలమైంది. దాని ముందు ఎప్పుడూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోను చెవికి ఆనించుకున్న యువ నాయకుడు ఒకడు. అతని కింద తపాలా బిళ్ళలంత సైజులో అభిమానులు. ఎర్ర లైటు పడిందో పచ్చ లైటు పడిందో వెనకవాళ్ళ హారన్ని బట్టి తెలుసుకోవాలి. మా బళ్లారిలో ఫ్లెక్సీలు నిషేధం. ఆ నిషేధం తెచ్చినందుకు ఎవరినో అభినందిస్తూ కట్టిన ఫ్లెక్సీ కూడా కొన్నాళ్ళు అక్కడే వేలాడింది.

ఇప్పుడు చెప్పబోయేది 2023 నాటి సంగతి. ఊరి బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను స్టూడెంట్ కౌన్సెలర్‌ని. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివాను. కాలేజీకి గుర్తింపు ఇచ్చే కమిటీ వచ్చినప్పుడు "మీకు కౌన్సెలర్ ఉన్నాడా?" అని అడుగుతుంది. ఉన్నాడని చూపించడానికి ఒకడు కావాలి. ఆ ఒకణ్ణి నేను. నా గది స్పోర్ట్స్ రూముకు ఆనుకుని ఉంటుంది. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకునే సమయానికి గోడ అవతల బాస్కెట్‌బాల్ గాలి కొట్టించుకుంటూ ఉంటుంది. అటెండెన్స్ తగ్గిన పిల్లలు వచ్చి, దానికి తగిన మానసిక కారణం ఏదైనా రాసిమ్మంటారు. సాయం కోరి రావడాన్ని మా వృత్తిలో 'హెల్ప్ సీకింగ్' అంటారు. ఆ లెక్కన నా గదికి గిరాకీ బాగానే ఉండేది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ముస్తాక్ అనే కుర్రాడు వచ్చాడు. సెకండియర్. సండూరువాడు, తండ్రి ఖనిజం లారీకి డ్రైవరు. తన రూమ్మేటును మోచేతి దగ్గర పట్టుకుని, స్టేషన్లో దొంగను అప్పగించినట్టు నా ఎదుట కుర్చీలో కూర్చోబెట్టాడు.

"సార్, వీడు తింటల్యా, నిద్ర పోతల్యా. ఏమైందిరా అంటే ఏం లేదంటాండాడు. మీరు అడగండి."

"రూమ్మేటువు, నీకే చెప్పనోడు నాకెందుకు చెప్తాడప్పా?"

"మీకు జీతమిస్తారు గదా సార్."

కుర్చీలో ఉన్న కుర్రాడి పేరు వీరేశ్. సిరుగుప్ప దగ్గర ఒక పల్లె. తండ్రి హనుమంతప్ప కాలువ కింది వరి పొలాల్లో కూలికి పోతాడు. తరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. వీరేశ్‌కి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లీషు. చొక్కా బొత్తాం ఒకటి తిప్పుతూ కూర్చున్నాడు.

మా చదువులో నేర్పే మొదటి పాఠాల్లో ఒకటుంది. అనుమానం వస్తే చుట్టూ తిరగకుండా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని జనం భయపడతారు. అలా జరగదు. అడిగేవాడు ఒకడు దొరికాడని ప్రాణం కాస్త తెరిపిన పడుతుంది.

"వీరేశా, చచ్చిపోదామని గాని అనిపిస్తాందా?" అన్నాను.

అప్పుడు తలెత్తి నా మొహం చూశాడు. "రోజూ సార్."

"ఈ పొద్దు గూడానా?"

"ఈ పొద్దు గూడా. పొద్దున మెలకువ వస్తానే, అయ్యో ఇంగా ఉండానే అనిపిస్తాది."

ముస్తాక్ కిటికీ వైపు తిరిగాడు. అంతవరకు అతను రూమ్మేటుకు గ్యాస్ట్రిక్ అనుకుంటున్నాడు.

ఇలాంటి ఆలోచనను మేము 'ఐడియేషన్' అంటాం. లేకపోతే బాగుండుననే దగ్గర ఆగాడా, అది దాటి ముందుకు వెళ్ళాడా అని కనుక్కోవడాన్ని 'రిస్క్ అసెస్‌మెంట్' అంటాం. వీరేశ్ ముందుకే వెళ్ళాడు. ఎంతవరకు అన్నది ఇక్కడ అక్కర్లేదు. సబ్జెక్టులు పోయాయి. ఇంకో సెమిస్టర్ ఇలాగే పోతే 'ఇయర్ బ్యాక్', అంటే తోటివాళ్ళు పై క్లాసుకు పోతారు, తను ఏడాది పాటు ఆగిపోవాలి. ఇంతవరకు మామూలే. మామూలు కానిదల్లా, ఇంత దగ్గర్లో ఊరు పెట్టుకుని ఉగాదికి కూడా ఇంటికి పోలేదు.

"ఎందుకు పోలేదప్పా? ఇంట్లో కొట్లాటా?"

"ల్యా సార్. బస్సు దిగతానే నా మొగమే."

నాకు అర్థం కాలేదు. ముస్తాక్ తన ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించాడు. పల్లె బస్టాపులో రెండు కర్రల మధ్య పెద్ద ఫ్లెక్సీ. అందులో వీరేశ్. ఎవరిదో నల్ల కోటూ ఎర్ర టై అతని మెడ కింద అతికించారు. వెనక ఏ దేశానివో అద్దాల మేడలు. పైన కన్నడంలో 'నమ్మూర హెమ్మె', అంటే మా ఊరి గర్వం. కింద తెలుగులో 'మన ఊరి తొలి ఇంజనీరు'. ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన వారానికి కట్టారట. అప్పటికి ఆ ఇంజనీరు ఇంకా హాస్టల్ మెస్సు ఎటువైపు ఉందో వెతుక్కుంటున్నాడు. కట్టించింది మేనమామ తిప్పేస్వామి, ఊరి యువకుల సంఘానికి అధ్యక్షుడు. కింద మూలన ఫోను చెవికి పెట్టుకుని తనూ ఉన్నాడు.

"ఏడాది దాటె గదా. ఎండకు రంగు పోయింటాదిలేప్పా" అన్నాను.

"పోలేదు సార్. మా మామ మంచి క్వాలిటీది ఏపించినాడు."

నవ్వాలో వద్దో ముగ్గురికీ తెలియలేదు. చివరికి వీరేశే కొంచెం నవ్వి, వెంటనే ఏడ్చాడు. "ఇన్ని సబ్జెక్టులు పోగొట్టుకొని దాని కింద ఎట్ల దిగాల సార్? కండక్టరు గూడా పైకి చూసి, నా తట్టు చూసి, నువ్వేనా అప్పా అంటాడు."

నేను చదివిన పుస్తకాల్లో రిస్క్ ఫ్యాక్టర్లు చాలానే ఉన్నాయి. ఒంటరితనం, నిద్రలేమి, ఇంట్లో గొడవలు, తాగుడు. ఊరు గట్టిగా గర్వపడటం అనేది మాత్రం వాటిలో లేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు సిరుగుప్ప బస్సు ఎక్కినట్టు లేదు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం కూర్చుని 'సేఫ్టీ ప్లాన్' వేసుకున్నాం. అంటే తల బాగా బరువెక్కినప్పుడు ముందు ఏం చేయాలి, ఎవరి దగ్గరికి పోవాలి అన్న ఏర్పాటు. మొదట ముస్తాక్ దగ్గరికి. తరువాత నాకు ఫోను. ఆలోచన మరీ తరుముతుంటే నేరుగా ప్రభుత్వ ఆసుపత్రి. మర్నాడు నేనే తీసుకుపోయి సైకియాట్రిస్టుకు చూపించాను. ఆమె మాత్రలు మొదలుపెట్టి, ఒంటరిగా వదలొద్దనీ, వారం వారం తీసుకురమ్మనీ చెప్పింది. ఇంకో మాట కూడా అంది: "ఈ ఫ్రెండ్ ఉన్నాడే, ఇతన్ని మాత్రం దూరం చేయకండి." మనిషిని పట్టి నిలిపే ఇలాంటి ఆధారాన్ని 'ప్రొటెక్టివ్ ఫ్యాక్టర్' అంటారు. ముస్తాక్‌ను అంతకుముందు ఎవరూ అంత పెద్ద మాట అనలేదు కాబట్టి బయటికొచ్చాక అర్థం అడిగి, రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు కౌన్సెలర్ దాచకూడదు. ప్రిన్సిపాల్‌కు చెప్పక తప్పదని వీరేశ్‌తో ముందే అన్నాను. సరేనన్నాడు. "మా నాయనకు మాత్రం నేనే చెప్తా సార్. మీరు పక్కనుండండి" అన్నాడు. ఆదివారం తండ్రిని పిలిపించి, నా గదిలోనే చెప్పాలని అనుకున్నాం.

ప్రిన్సిపాల్ గారు మంచి మనిషి. గొంతు పెంచరు. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"నోడి, చూడండి శేఖర్, ఇది చాలా సెన్సిటివ్. పేరెంట్‌కు హ్యాండోవర్ చేసేద్దాం."

"డాక్టరు వద్దన్నారు సార్. వాడు నిలబడి ఉండేది రూమ్మేటు వల్ల. ఊరికి పంపితే వానికి ఊపిరాడదు. బస్టాపులో వానిది ఫ్లెక్సీ ఒకటుంది సార్."

"ఫ్లెక్సీనా? మంచిదే గదా. సపోర్ట్ ఉందన్నమాట."

"సార్..."

"హాస్టల్లో ఏమన్నా అయితే అది న్యూస్. ఇంట్లో అయితే..." ఆయన సరైన మాట కోసం వెతుక్కున్నారు. "అది ఫ్యామిలీ మ్యాటర్."

మా కాలేజీలో ఇది పద్ధతి. నా ముందున్న కౌన్సెలర్ కాలం నుంచీ ఉంది. ఎవరైనా పిల్లవాడు బతకాలని లేదంటే, అతన్ని తల్లిదండ్రులకు అప్పగించి, ఇకపై బాధ్యత మాదేనని సంతకం తీసుకుంటారు. హాస్టల్‌లో పేరు కొట్టేస్తారు. రిస్క్ తగ్గదు, అడ్రసు మారుతుంది. కాగితం మీద చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే ఆఫీసువాళ్ళు హనుమంతప్పకు ఫోను చేసేశారు. ఆయన మధ్యాహ్నానికల్లా వచ్చాడు. అలాంటి ఫోను వస్తే మా వైపు ఎవరూ ఒంటరిగా రారు. తిప్పేస్వామి కూడా వచ్చాడు, అతని వెంట సంఘం సభ్యులు కొందరు, అరువు తెచ్చిన జీపులో. పిలుపు వస్తే కొట్లాటకైనా పెళ్ళికైనా అదే జీపు.

నన్ను పిలిచేసరికి ప్రిన్సిపాల్ గారు అందరి ముందే చెప్పేసి ఉన్నారు. వీరేశ్ గోడకు ఆనుకుని, తనది కాని నేరం ఒప్పుకున్నవాడిలా నిలబడ్డాడు. హనుమంతప్ప ఫ్యాను కింద ఉండి కూడా చెమటలు కక్కుతున్నాడు.

"మా వానికి జ్వరం గిరమేమో అనుకొని వస్తి సార్. ఏంది ఈ మాట? మేమేం తక్కువ చేసినాం వానికి?"

"మీరేం తక్కువ చేయలేదు. ఇది జ్వరం లాంటిదే, తలకొచ్చింది. మందు ఉంది, తగ్గుతుంది" అన్నాను.

ఆయన సంతకం చేశాడు. వీరేశ్ పెట్టె సర్దడానికి ముస్తాక్ సాయం చేశాడు. జీపు దగ్గర నిలబడి నేను చెప్పగలిగినంత చెప్పాను. ఒంటరిగా వదలొద్దు. మాత్రలు మీరే దగ్గరుండి ఇవ్వండి. మార్కుల మాట ఎత్తొద్దు. గురువారం ఆసుపత్రికి తీసుకురండి. ఊళ్ళో టాంటాం చేయొద్దు.

తిప్పేస్వామి అన్నిటికీ తలూపాడు. చదువు పదో తరగతితో ఆగినా మేనల్లుడంటే పంచప్రాణాలు. జీపు కదిలే ముందు నా చేయి పట్టుకున్నాడు.

"నేనేం చేయల్లో అది చెప్పండి సార్. నేను చేస్తా."

"వాడు ఒంటరి కాదని వానికి తెలియాలి. అంతే."

"తెలుస్తాది సార్. అది నాకు వదిలేయండి."

వదిలేశాను. జీపు మీద అధికారం నాకు ఎటూ లేదు.

గురువారం వాళ్ళు ఆసుపత్రికి రాలేదు. ఫోను చేస్తే బాగుండాడన్నారు. శనివారం పొద్దున ముస్తాక్ నా గదిలోకి పరుగెత్తుకొచ్చి ఫోను నా మొహం ముందు పెట్టాడు. ఆ పల్లె నుంచి ఎవరో పంపిన ఫొటో. అదే బస్టాపు, అవే కర్రలు. పాతదాని పైన కొత్త ఫ్లెక్సీ, ఇంకొంచెం పెద్దది. అదే కోటు, అదే టై, అదే వీరేశ్. మేడల బదులు ఈసారి సూర్యోదయం. పైన కన్నడంలో 'బేగ గుణముఖనాగు వీరేశ', త్వరగా కోలుకోమని. మధ్యలో 'డిప్రెషన్‌ను గెలిచి రా తమ్ముడా'. కింద ఎర్రటి తెలుగు అక్షరాలతో 'ఊరంతా నీ వెంటే'. ఆ కింద సంఘం సభ్యులందరూ, చేతులు జోడించిన ఒక పంచాయతీ మెంబరూ ఉన్నారు. ఎవరి చూపులోనూ కల్మషం లేదు.

నేను చూస్తుండగానే హనుమంతప్ప ఫోను చేశాడు. "సార్, వాడు కనపడటంల్యా. పాల కోసమని బస్టాపు తట్టు పోయినోడు ఇంటికి రాలేదు. ఫోను ఈడనే పెట్టి పోయినాడు."

ముస్తాక్‌ను బైకు వెనక కూర్చోబెట్టుకుని సిరుగుప్ప దారి పట్టాను. దారంతా పచ్చటి వరి. ఆ పచ్చదనాన్ని అంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు, ఎందుకంటే అందులో మనిషి కూర్చుంటే కనపడడు. ముస్తాక్ వెనక నుంచి ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు: "నేను తోడు పోయింటే సరిపోతాండె సార్." పల్లెకు చేరేసరికి ఊరు నిజంగానే అతని వెంట ఉంది. గట్ల మీద బైకులు, పొలాల్లో ఆడవాళ్ళ కేకలు. ఫ్లెక్సీలో అబద్ధమేమీ లేదు. తిప్పేస్వామి చెప్పులు లేకుండా కాలువ గట్టున పరుగెడుతున్నాడు. అతను నా దగ్గరికి రాలేదు, నేనూ అతని దగ్గరికి పోలేదు.

మధ్యాహ్నం దాటాక ముస్తాక్‌కి హాస్టల్ నుంచి ఎవరో ఫోను చేశారు. "ఏం రా, మీ వీరేశ్ పొద్దుట్నుంచి మన గేటు బయట కూచోనుండాడు. నువ్వు యాడ సచ్చినావు?"

వెనక్కి ఎలా వచ్చామో గుర్తులేదు. హాస్టల్ గేటు ఎదురుగా మోరీ గట్టు మీద కూర్చుని ఉన్నాడు, పాల క్యాను పక్కన పెట్టుకుని. ముస్తాక్ బైకు ఆగకముందే దూకి అతన్ని తిట్టడం మొదలుపెట్టాడు. దక్కనీలో ఉన్న తిట్లన్నీ అయిపోయాక పక్కన కూర్చుని భుజం మీద చేయి వేశాడు.

"లోపలికి ఎందుకు పంపలేదు?" అని వాచ్‌మన్‌ను అడిగాను.

"పేరు కొట్టేసినారు గదా సార్. పేరెంటుకు అప్పగించినోళ్ళను రానీయొద్దని ఆర్డరు. నీళ్ళయితే ఇచ్చినా."

వీరేశ్ నా వైపు చూశాడు. గొంతులో కోపం లేదు, అదే ఇబ్బంది. "కష్టమైతే ముస్తాక్ తావకు పొమ్మని మీరే చెప్తిరి గదా సార్. వచ్చినా."

నా సర్వీసులో సేఫ్టీ ప్లాన్‌ను అంత తు.చ. తప్పకుండా పాటించినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. పాలకని వెళ్ళి, తన మొహం చూసుకుని, ఎక్కడికి పోవాలని మనసు లాగుతోందో అక్కడికి పోకుండా, టికెట్టు కొనుక్కుని బళ్లారి బస్సెక్కాడు. చావాలనుకున్నవాడు బతకడానికి చేయాల్సిందంతా చేశాడు. మిగిలింది గేటు తీయడం.

అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు అడ్మిట్ చేసుకుంది. సాయంత్రానికి జీపు వచ్చింది. తిప్పేస్వామి వార్డు బయట గోడకు తల ఆనించి ఏడ్చాడు. "ఒంటరి కాదని తెలియల్ల అని గదా సార్ మీరు చెప్పింది. నాకు ఇంగెట్ల చెప్పల్లో తెలీలేదు సార్." అతన్ని తిట్టడానికి వెతుక్కున్న మాటలన్నీ లోపలే ఉండిపోయాయి. అతనికి తెలిసిన ప్రేమ ఆ సైజులోనే దొరుకుతుంది.

హనుమంతప్ప మర్నాడు ఊరికి పోయి కొడవలితో రెండు ఫ్లెక్సీలనూ తనే కోసి దించాడు. ఇప్పుడవి వాళ్ళ పెరట్లో కట్టెల మీద కప్పి ఉన్నాయి, బొమ్మ వైపు కిందికి.

వీరేశ్ కోలుకున్నాడు. కొన్ని వారాలు కాదు, కొన్ని నెలలు పట్టింది. మాత్రలు పనిచేశాయి, డాక్టరమ్మ ఓపిక పనిచేసింది, ముస్తాక్ ప్రతి ఆదివారం బస్సెక్కడం పనిచేసింది. ఇంజనీరింగ్ వదిలేశాడు. ఇప్పుడు సిరుగుప్పలో బీకాం చదువుతున్నాడు. అందుకు ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు. అప్పుడప్పుడు ఫోను చేసి, తను బాగున్నానని చెప్పడానికి బదులు నన్ను బాగున్నారా అని అడుగుతాడు. మా వృత్తిలో ఇది మంచి గుర్తు.

ఈ కేసు నాకు నేర్పింది చాలా చిన్న సంగతి. అడగడం నా పని అనుకునేవాణ్ణి. అడిగితే పిల్లలు చెబుతారు, అందులో అనుమానం లేదు. చెప్పిన తరువాత వాళ్ళకు ఏం జరుగుతుందన్నదే అసలు పని. దాని మీద ఆ గదిలో నాకు అధికారం లేదు. పద్ధతి మార్చాలని ఆఫీసుకు చాలాసార్లు చెప్పాను. సానుకూలంగా పరిశీలిస్తున్నారు.

ఆ ఏడాది చివరి మీటింగులో ప్రిన్సిపాల్ గారు నన్ను లేపి నిలబెట్టి, వీరేశ్ తరువాత కౌన్సెలింగ్ సెల్‌కు ఇలాంటి సీరియస్ కేసు ఒక్కటీ రాలేదని అందరికీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. నిజమే, ఎవరూ రాలేదు. అటెండెన్సు వాళ్ళు తప్ప.

మొన్న క్యాంటీన్లో ముస్తాక్ కనిపించాడు. ఫైనలియర్‌కి వచ్చాడు, గడ్డం పెంచాడు. టీ తాగుతూ వీరేశ్ సంగతులు మాట్లాడుకున్నాం. లేస్తూ అన్నాను, "ఇట్లాంటోళ్ళు ఎవరన్నా నీ కంట పడితే ముందు నా తావకే పట్టుకురా ముస్తాక్."

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"తీసుకురాను సార్" అన్నాడు. "మీకు నిజం చెప్తే ఇంటికి పంపించేస్తారని హాస్టల్లో అందరికీ తెలిసిపోయినాది."